దోసగుంటల దగ్గర అడుగులు

గునుపురం దగ్గర వంశధార ఇసకలో ఏటేటా దోసపాదులు పెడతాను. ఏరు తగ్గేక చెమ్మ తగిలేదాకా గుంట తవ్వి, అడుగున మాగిన పెంట వేసి గింజ నాటాలి. తవ్విన ఇసక పక్కనే కుప్ప పోస్తాం. మొన్నో ఏడు, మొలకలు నాలుగాకులు తొడిగేసరికి ఓ కుప్పని ఎవరో పెళ్ళగించేసేరు. ఇసక జారి మొలకలు కప్పడిపోయేయి. మర్నాడు ఇంకో కుప్ప.

చుట్టూ నక్క అడుగులు. నక్క కాయ పండేక వస్తాది గానీ మొలకల దగ్గర దానికేటి పని? ఇంకో జాడ కూడా ఉంది. ఏటి నుంచి కుప్పదాకా, బస్తా ఈడ్చినట్టు నున్నటి చార. దానికి అటూ ఇటూ గోళ్ళ గీతలు. ఇంత వయసొచ్చినా ఆ జాడ ఎవరిదో పోల్చుకోలేకపోయేను.

పాత సైకిలు బ్రేకు తీగతో ఉచ్చు కట్టేను. చారకి అడ్డంగా పెట్టడానికి బయల్దేరితే మనవరాలు అడ్డొచ్చింది.

"ఏటి పడతాదో తెలీకుండా ఉచ్చెట్టేస్తావేటి మామ్మా?"

"పడ్డాక తెలుస్తాది. తప్పుకో."

"గునుపురంలో నది గురించి సెప్పే కేంద్రముంది. మా బడోళ్ళు తీసుకెళ్ళేరు. ఏ జంతువు అడుగు ఎలాగుంటాదో సూపిస్తారు."

"టిక్కెట్టెంత?"

"ఊరికే."

"బస్సువాడు ఊరికే ఎక్కిస్తాడేటే? సంతరోజు పోదాం. సంతకెళ్తే ఎలాగూ ఇచ్చే డబ్బులే."

కేంద్రంలో ముందు మట్టితో చేసిన పెద్ద ఏరు ఉంది. పైన ఏరు పుట్టే కల్యాణసింగ్‌పూర్ కొండలు, కింద సముద్రం, మధ్యలో వచ్చి కలిసే గెడ్డలు ఎన్నెన్నో. మా రేవు ఎక్కడుందా అని వెతికేను. లేదు. దాటి వెళ్తే బల్లమీద వరసగా ఇసక తట్టలు. ఒక్కోదాన్లో ఒక్కో అడుగు, పక్కనే మూసిన చెక్కపెట్టె. పెట్టె తెరిస్తే ఆ జంతువు బొమ్మ. నేను పోల్చేకే తెరవమన్నాను. ముంగిస అడుగు సరిగ్గానే పోల్చేను. నీటికుక్క అడుగు చూసి ఊరకుక్కన్నాను.

"ఓడిపోయేవు మామ్మా!"

"నీ మొహం. తర్వాతది సూపించు."

తర్వాతది మా చారే. గోళ్ళ గీతలతో సహా. నేనే గబుక్కున పెట్టె తెరిచేను. తాబేలు!

ఏట్లో తల పైకెత్తినప్పుడు ఎన్నిసార్లు చూడలేదు? కోడి గుడ్డెక్కడ పెట్టిందా అని ఇల్లంతా వెతుకుతాను గానీ, తాబేలు ఎక్కడ పెడతాదో ఎన్నడూ అనుకోలేదు. అక్కడ పనిచేసే ఒడియా అమ్మాయిని అడిగేను, ఇంత ఇసకుండగా నా కుప్పకే ఎందుకొచ్చిందని.

"గట్టి ఇసక తవ్వడం దానికి కష్టం మావుసీ. మీరు గుల్ల చేసి ఎత్తుగా పోసేరు. ఏరు కాస్త పెరిగినా గుడ్లు తడవవు. ఆ గుడ్ల వాసనకే నక్కొస్తుంది."

"అయితే నా పారకష్టంతో పురిటిల్లు కట్టుకుందన్నమాట!"

"కూలడుగుతావేటి మామ్మా?" అని మనవరాలు ఒకటే నవ్వు.

మామూలుగా తీగ సాగేక ఆ ఇసకని మొదళ్ళకి ఎగదోస్తాం. ఆ ఏడు చార ఉండీ నక్క ఇంకా ముట్టని కుప్పల్ని మాత్రం కదపలేదు. ఇసక ఏట్లోంచి తెచ్చుకోవచ్చు, మోత కాస్త ఎక్కువ, అంతే. కుప్పల మీద రేగికంప కప్పి, గాలికి ఎగిరిపోకుండా బ్రేకు తీగతోనే కట్టేను. తీగ దండగవలేదు. నక్క వచ్చి చుట్టూ తిరిగి పోయింది. దోసకాయలు దక్కేయి.

వానలకి ముందు, పాదులు పీకేసే రోజుల్లో, ఓ పొద్దున్న చూస్తే కుప్పలో నిమ్మకాయ దూరేంత కన్నం. దాన్లోంచి చీపురుపుల్లతో గీసినట్టు సన్నటి గీతలు, బోలెడు, నీళ్ళదాకా. ఒక్క తాబేలుపిల్లా కనబడలేదు. ఇద్దరం ఒంగి ఒంగి చూసుకుంటూ గీతల వెంట వెళ్ళేం.

"పెద్దవయ్యేక ఇవి ఇక్కడికే వస్తాయా మామ్మా?"

"ఏటో అమ్మీ. సంతరోజు కేంద్రంలో ఆ ఒడియా పిల్లని అడుగుదాం, పద."