ఏడో ఇన్నింగ్స్‌లో లేచిన జనం

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మిగతాదంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో నేర్చుకున్నదే. అందుకే కెనడాలోని విన్నిపెగ్‌లో మా చెల్లెలి ఇంటికి వచ్చిన రెండో రోజే అక్కడి లైబ్రరీ ఎక్కడుందో కనుక్కున్నాను. దాని కార్డు మీద బేస్‌బాల్ గురించి పిల్లల కోసం రాసిన పుస్తకం తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు రోజుల్లో పూర్తి చేశాను.

ఆ ఆదివారం మా ఆయనా నేనూ ఊరు చూడటానికి బస్సెక్కాం. ఆయన ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. రెండు నదులు కలిసే చోట కాసేపు కూర్చున్నాం. ఏ నది ఎటునుంచి వస్తోందో నేను చెబుతుంటే, ఆయన వచ్చేపోయే బస్సుల నంబర్లు చూస్తున్నారు. అక్కణ్ణుంచి నడిచి బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లాం. గేటు దగ్గర అమ్మాయి బయటి తిండి కుదరదంది. ఆయనకు షుగర్ ఉందని ఇన్సులిన్ పెన్ను చూపించాక చపాతీల డబ్బాని వదిలింది.

ఐదో ఇన్నింగ్స్‌లో ఆయన బాత్రూమ్‌కి వెళ్లి ఇన్సులిన్ తీసుకుని వచ్చారు. తీసుకున్న పావుగంటలో ఏదైనా తినాలి.

“పెట్టవే, ఆకలేస్తోంది.”

“ఒక్క నిమిషమండీ. పరుగులో ఆగే మూడు బేసుల మీదా మనుషులున్నారు. ఇప్పుడు కొడితే చూడాలి.”

“వాళ్లు పరిగెడితే నా కడుపు నిండుతుందా?”

నవ్వేసి, ఎవరు ఎటు పరిగెత్తాలో చెప్పడం మొదలుపెట్టాను. ఆ ఇన్నింగ్స్ పోయి మరొకటి వచ్చింది. నేను చెబుతూనే ఉన్నాను. నా మాటల్లో పడి ఆయనా మళ్లీ అడగలేదు.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో ఉన్నట్టుండి జనమంతా లేచి పాట అందుకున్నారు. ఆయనా లేచారు.

“అయిపోయింది, పద. ఈ జనం బయటపడితే బస్సులో కాలు పెట్టలేం.”

“ఇంకా ఏడేనండీ. మొత్తం తొమ్మిది.”

“పుస్తకంలో కాదే, ఎదురుగా చూడు! సెకండ్ షో వదిలినట్టు లేచారు. నేను పోయి సీటు పడతా. నువ్వు మెల్లిగా రా.”

వెంటనే వెనక వెళ్లాల్సింది. వెళ్లలేదు. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో లేచి ఒళ్లు విరుచుకుని పాడటం ఈ ఆటలో ఆనవాయితీ అని పుస్తకంలో చదివాను. జనం మళ్లీ కూర్చుంటారు, ఈయన తెల్లమొహం వేసుకుని తిరిగొస్తారు, అప్పుడు చెప్పాలి అనుకున్నాను. పాట అయింది. అందరూ కూర్చున్నారు. ఆయన రాలేదు.

నీళ్ల సీసా కోసం సంచిలో చెయ్యి పెడితే డబ్బా తగిలింది. మూత తియ్యనేలేదు. దాని పక్కనే ఆయన ఫోను.

మెట్లు ఎలా దిగానో తెలియదు. గేటు అమ్మాయిని అడిగితే, పెద్దాయన ఒకరు వెళ్లారని, బయటికి వెళ్లినవాళ్లను అదే టికెట్‌తో తిరిగి లోపలికి రానివ్వరని చెప్పింది. బస్టాపులో ఎవరూ లేరు. ఒకసారి ఇంట్లో ఇలాగే ఇన్సులిన్ తీసుకుని తినకపోతే షుగర్ పడిపోయి, ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడి, ఆయన స్పృహ తప్పారు. అప్పుడు పక్కన నేనున్నాను.

మూల తిరిగితే ఒక బస్సు ఆగి ఉంది. కిటికీ పక్కన ఆయన. ఎక్కి దగ్గరికెళ్లాను. పక్క సీటు మీద రుమాలు పరిచి ఉంది. చొక్కా చెమటతో తడిసిపోయింది.

“ఏమండీ!”

ఆయన నన్ను పరాయిమనిషిని చూసినట్టు చూశారు.

“టికెట్... టికెట్ తీసుకోండమ్మా.”

“షుగర్, షుగర్” అని ఇంగ్లీషులో అరిచాను. నేను చదివిన మాటల్లో ఇంకొకటి నోటికి రాలేదు. వెనక సీట్లో ఉన్నావిడ తన పళ్లరసం సీసా మూత తీసి ఇచ్చింది. డ్రైవరు లేచి వచ్చి, అంబులెన్సుని పిలవమంటావా అని ఫోను తీశాడు. గుటక గుటకగా పట్టించాను. ఒక గుటక పెదవి పక్కనుంచి కారిపోయింది. రెండోది లోపలికి వెళ్లింది. కళ్లు నా మొహం మీద నిలవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను.

“ఏమే, అట్టా నిలబడ్డావేం? కూర్చో. నీ కోసమేగా పట్టాను.”

డ్రైవరు ఫోను జేబులో పెట్టుకోలేదు. నేను డబ్బా తెరిచి చపాతీ తుంచి ఇచ్చాను.

“తప్పు నాదేనండీ. అడిగినప్పుడే పెట్టాల్సింది.”

“సరేలే,” అన్నారు నములుతూ. “ఇంకో ముక్క పెట్టు.”

రెండో చపాతీ సగమయ్యాక డ్రైవరు తన సీట్లోకి వెళ్లాడు. బస్సు కదిలింది. ఆయన అరచేతిలో తడి ఆరేదాకా నేను ఆ చెయ్యి వదల్లేదు.