పిల్లక్క వడ్డన

"నీ మొహం ఎవరికీ కనబడని చోట నీకు జీతం ఎందుకిస్తారే?" అని వదిన ఒకసారి మొహమ్మీదే అడిగేసింది.

"కనబడితే ఇవ్వరు వదినా" అని నవ్వేసింది పిల్లక్క.

నలభై దాటిన మనిషిని పిల్లక్క అంటే కొత్తవాళ్ళు నవ్వుతారు. అందులో ఉన్నది పిల్ల కాదు, పిల్లి. సీటు దగ్గరికే భోజనం తెచ్చిపెట్టే సినిమా హాల్లో ఆమెది వడ్డన పని. నడుం వంచి, తెరకు అడ్డం రాకుండా, చెంచా చప్పుడు కాకుండా వరసల మధ్య పిల్లిలా తిరగాలి. సూపు గిన్నె తుపాకులు పేలేటప్పుడు పెట్టాలి. తెర మీద ఎవరైనా ప్రాణం విడుస్తుంటే బిల్లు పెట్టకూడదు.

హాలు తెరిచిన కొత్తలో జనం విరగబడ్డారు. పెళ్ళికెళ్తున్నట్టు ముస్తాబై వచ్చి, చీకట్లో ఏం తింటున్నారో తెలియకుండానే తిని, బ్రహ్మాండం అన్నారు. తర్వాత మోజు తీరింది. ఇంట్లోనే తెర, ఇంటికే తిండి. పదిమందితో కలిసి చూడటంలోని మహత్తు గురించి పేపర్లలో రాసేవాళ్ళు కూడా ఇంట్లోనే చూస్తున్నారు. ఇప్పటికీ వస్తున్నది ఎక్కువగా ఒంటరివాళ్ళు. హోటల్లో ఒక్కరే తింటే నలుగురూ చూస్తారు. ఇక్కడ ఆ నలుగురూ తెరను చూస్తారు. సినిమా బాగుందా లేదా అన్నది వాళ్ళకు రెండో సంగతి.

మేనేజరుకు మాత్రం ఖాళీ సీట్లే కనబడ్డాయి. జీతాలు మిగులుతాయని వడ్డన ఎత్తేశాడు. ఎవరి ప్లేటు వాళ్ళే కౌంటర్లో తీసుకోవాలి.

"ఒక వారం చూద్దాం. ఇదే కుదిరితే నువ్వు వేరే పని చూసుకోవాలమ్మా" అని పిల్లక్కను ఆ వారానికి కౌంటర్ వెనక నిలబెట్టాడు.

ఆదివారం కళ్ళద్దాల దుకాణమాయన వచ్చాడు. ఎప్పుడూ చివరి వరసలో కూర్చునే మనిషి. వెనకాల పిల్లాపాపలతో క్యూ.

"ఒక్కరేనా సార్?" క్యాషియర్ అందరికీ వినబడేలా అడిగాడు.

ఆయన జేబులో ఏదో మర్చిపోయినట్టు తడుముకుని గుమ్మం వైపు తిరిగాడు.

"మీరెళ్ళి కూర్చోండి అన్నయ్యా, నేను తెస్తా" అంది పిల్లక్క.

ఖాళీ ట్రేతో హాల్లోంచి వచ్చేసరికి మేనేజరు ఎదురుగా ఉన్నాడు.

"వద్దన్న పనే చేస్తావేంటి?"

"ఆయన వెళ్ళిపోతుంటే ఆపాను సార్."

"తెచ్చుకోడానికి చేతుల్లేవా?"

"చేతులున్నాయి సార్. క్యూ నిండా కళ్ళు కూడా ఉన్నాయి."

మేనేజరు "చాల్లే" అని వెళ్ళిపోయాడు. వారం చివర చూస్తే, కుటుంబాలు పెరగలేదు, ఒంటరివాళ్ళు సగానికి సగం తగ్గారు.

"సోమవారం నుంచి మళ్ళీ వడ్డించు" అన్నాడు, ఆ ఆలోచన తనకే తట్టినట్టు.

"మరి ఈ వారం జీతం సార్?"

"ఈ వారం నువ్వు వడ్డించలేదుగా. పైవాళ్ళని అడగాలి."

ఇది జరిగి రెండు నెలలు దాటింది. ఆ వారం జీతం ఆమెకు ఇంకా రావాలి.