నోరాగారి గుమ్మంలో ఉప్పు ముగ్గు

మా చిన్నప్పుడు పోర్ట్‌లీష్ అనే పరాయిదేశపు ఊళ్లో ఒక పొద్దున తలుపు తీస్తే రోడ్డు లేదు, పిట్టగోడ లేదు, నాన్న కారు లేదు... అన్నీ మంచు కిందే. స్కూలు లేదని రేడియోలో చెప్పారు. నేను గంతులేశాను. ఎనిమిదేళ్లు మరి!

నాన్న ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ మారడానికి ఎవరూ రాలేక అక్కడే ఉండిపోయారు. ఇంట్లో అమ్మా, నేనూ. తెనాలి నుంచి వచ్చి అప్పటికి నాలుగు నెలలే. ఆ వీధిలో మమ్మల్ని పలకరించేది పక్కింటి నోరా ఒక్కతే. డెబ్బై దాటిన మనిషి. అమ్మ "నోరాగారూ" అని పిలిస్తే, పుట్టినప్పుడు పెట్టిన పేరు అదే అన్నట్టు పలికేది.

ఇక అమ్మ సంగతి... వాకిలి కడగనిదే పొయ్యి వెలిగించదు. ప్రళయం వచ్చినా ముందు వాకిలి కడిగి, తర్వాతే మునుగుతుంది. ఆ రోజూ అంతే. చేటతో గుమ్మం ముందు మంచు మొత్తం ఎత్తిపోసి, రెండు బకెట్ల నీళ్లు కొట్టి కడిగింది. తళతళలాడుతుంటే చూసుకుని మురిసిపోయింది. ఇద్దరం లోపలికెళ్లి ఉప్మా తిన్నాం.

అరగంటకి బయట దబ్బుమని చప్పుడు...

నోరా. దుకాణాల్లో బ్రెడ్ అయిపోయిందని తను కాల్చిన సోడా బ్రెడ్ మాకు తెచ్చింది పాపం. అమ్మ పోసిన నీళ్లు అద్దంలా గడ్డకట్టాయి. ఆవిడ మణికట్టు పట్టుకుని కూలబడి ఉంది.

అంబులెన్సు ఆ మంచులో రాలేకపోయింది. వీధి చివరి రైతు ట్రాక్టరు తెచ్చి, దుప్పట్లో చుట్టి తీసుకెళ్లాడు.

అమ్మ ఆ రోజంతా అన్నం ముట్టలేదు. "ఉన్న ఒక్క మనిషినీ చేజేతులా పోగొట్టుకున్నానే... ఇంక మన గుమ్మం తొక్కుద్దా ఆవిడ?" అని ఏడ్చింది. మణికట్టు విరిగిందనీ, కట్టు వేశారనీ నాన్న ఫోన్ చేశారు. బ్రెడ్ తిన్నారా అని నోరా అడుగుతోందట.

మర్నాడు ఆవిడ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. అమ్మ చారన్నం గిన్నెతో వెళ్లి, తల ఎత్తలేక వాళ్ల వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. నోరా మంచి చేత్తో అలమర తెరిచి, ఉప్పు సంచి తీసి అమ్మకిచ్చింది.

"సాల్ట్, లవ్. నాట్ వాటర్."

ఉప్పమ్మా, నీళ్లు కాదు... అంతే అంది. తర్వాత గిన్నె మూత తీసి వాసన చూసింది.

తెల్లారి అమ్మ ముందు నోరా గుమ్మం దగ్గరికే వెళ్లింది. ఉప్పు చల్లమంటే చల్లుతుందా... చుక్కలు పెట్టి ముగ్గేసింది! గీతల వెంట మంచు కరిగి నేల బయటపడుతోంది. నోరా తలుపు తీసి చూసింది. అంత అందంగా వేసినదాన్ని తొక్కలేక, పక్కనున్న మంచు మీద కాలు పెట్టబోయింది.

"తొక్కండి నోరాగారూ... మీరు తొక్కడానికే వేశాను," అంది అమ్మ, తెలుగులోనే. చెయ్యి కూడా అందించింది. ఉప్పు తొక్కకూడదని నాకు రోజూ చెప్పే అమ్మ!

మంచు వారంలో పోయింది. కట్టు విప్పేదాకా నోరా తల అమ్మే దువ్వింది.

నోరా పోయి ఆరేళ్లయింది. నేనిప్పుడు స్వోర్డ్స్ అనే ఊళ్లో ఉంటున్నాను. పక్కింటివాళ్ల పేరు కూడా తెలియదు, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. మొన్న కాస్త మంచు పడితే మా మెట్ల మీద ఉప్పు చల్లుకున్నాక గుప్పెడు మిగిలింది. వెళ్లి వాళ్ల గుమ్మంలో చల్లొచ్చాను. ముగ్గు వెయ్యడం నాకు రాదు...

మీ గుమ్మంలో జారిపడి కూడా మళ్లీ మీ ఇంటికి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ల పేరు ఇక్కడ రాయండి... చదవాలని ఉంది.