ఎవరూ కొట్టని తలుపులు

పదేళ్లుగా ఒక అంకె నా గొంతుకు అడ్డం పడి ఉంది. ముప్పై ఒకటి. దాన్ని నేను ఇరవై నాలుగు చేశాను. ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ఇదీ ఒక రకం పిరికితనమే.

సూర్యాపేటలో ఒక కట్టెల డిపోలో లెక్కలు చూస్తాను. చదువు ఏడో తరగతితో ఆగింది, మిగతాదంతా దుంగల దగ్గరే నేర్చుకున్నాను. పొడవు, చుట్టుకొలత చెబితే ఎన్ని ఘనపుటడుగులో కాగితం లేకుండా చెప్పగలను. మా డిపోలో ఒక మర్యాద ఉంది. ఒకరి లెక్క తప్పితే నలుగురిలో అనం. చప్పుడు చేయకుండా దిద్ది, కాగితం మళ్లీ అక్కడే పెడతాం. దిద్దినవాడు చెప్పడు, రాసినవాడు అడగడు. ఆ మర్యాదే ఇంత పని చేసింది. కాదు, మర్యాద మీదికి నెట్టడం దేనికి? చేసింది నేను.

2004లో డిపో ఎదురుగా సుజాత డీటీపీ షాపు నడిపేది. ముప్పై ఏళ్ల మనిషి, రోజూ చివ్వెంల నుంచి బస్సులో వచ్చేది. దరఖాస్తులు, కరపత్రాలు కొట్టేది. గిరాకీ లేనప్పుడు కంప్యూటర్‌లో ఒక తుపాకీ ఆట తయారు చేసేది. పాత ఆట ఒకటి తీసుకుని, అందులోని ఊరిని తుడిచేసి మన ఊరిని కట్టింది. ఇరవై ఏళ్ల తర్వాతి సూర్యాపేట. పరాయి సైన్యం చేతిలో ఉంది. మార్కెట్ యార్డులో వడ్ల రాశులు ఉండేచోట గుడారాలు. బస్సుల మీద కోదాడ, మిర్యాలగూడ అన్న పేర్లు మనకు చదవరాని లిపిలో. ఆడేవాడికి తెర మీద తుపాకీ పట్టుకున్న రెండు చేతులే కనిపిస్తాయి. కాసేపటికి అవి మన చేతులే అనిపిస్తాయి.

మొదటిసారి ఆడినప్పుడు నా చొక్కా తడిసింది. రోజూ దాటే బస్టాండు దాటడానికి భయపడ్డాను. సొంత ఊళ్లో గోడవారగా, తల దించుకుని నడవడం ఎలా ఉంటుందో అంతవరకు నాకు తెలియదు. అంత పని ఒక్క మనిషి, ఎవరూ అడగకుండా, ఎవరూ నేర్పకుండా చేసింది. ఆ రోజు కలిగిన ఆశ్చర్యం నాలో ఇప్పటికీ తగ్గలేదు.

దూరాలు నేనిచ్చాను. ఆదివారాలు బస్టాండు గేటు నుంచి మార్కెట్ యార్డు దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ప్రతి మలుపూ రాసిచ్చాను. ఒకరోజు ఆమె మైకు నా ముందు పెట్టి, మీ ఇంటి తలుపు ఎవరో కొడితే ఏమంటావో అనమంది. అన్నాను. ఎందుకని అడగలేదు.

కొన్నాళ్లకు, ఆటలు తయారు చేసే కంపెనీ వాళ్లు హైదరాబాద్ నుంచి కోదాడకు వస్తున్నారని తెలిసింది. వచ్చినవాళ్ల పని చూసి ఒకరికి ఉద్యోగం ఇస్తారట. ముందు రోజు మధ్యాహ్నం ఆమె, దూరాలు ఒకసారి సరిచూడమని ఆట ఫైలు తెరిచిపెట్టి భోజనానికి వెళ్లింది. దూరాలు సరిగ్గా ఉన్నాయి. వాటి కింద ఇంకో రెండు వరుసలు ఉన్నాయి. తూటాలు ఇరవై నాలుగు. సైనికులు ముప్పై ఒకటి. ఆటలో వేరే తూటాలు దొరకవని నాకు తెలుసు; చివరిదాకా మాత్రం ఎప్పుడూ ఆడలేదు. ఒక్కటి కూడా గురి తప్పకపోయినా ఏడుగురు మిగులుతారు. పాపం, తీసివేత చూసుకోలేదు అనుకున్నాను. ముప్పై ఒకటి కొట్టేసి ఇరవై నాలుగు వేశాను. అలవాటు ప్రకారం ఆమెకు చెప్పలేదు. అంత తెలివిగల మనిషి దగ్గర ఒక తప్పు దొరికిందని లోపల సంతోషపడ్డానా? పడ్డాను.

కోదాడ పోయొచ్చి మూడో రోజు ఆమె షాపు తెరిచింది. వెళ్లి అడిగాను.

"ఏమైంది చెల్లె?"

"ఏమైతది అన్నా. ఒక్క తూటా గురి తప్పలే, అందర్ని కాల్చిన్రు, ఖతం చేసిన్రు, లేచిన్రు. గిసొంటియి మా దగ్గర శానున్నయమ్మా అన్నరు."

"గెలిచిన్రు గదా మరి?"

"గెలువొద్దనే గదా నేను చేసింది! తూటాలు అయిపోతయి, ఏడుగురు మిగులుతరు. అప్పుడు తుపాకి కింద పెట్టి ఇండ్ల తలుపులు కొట్టాలె. ఊరోళ్లు లోపటికి తీస్కపోతరు. అసలు ఆట గాడ మొదలైతది. ఒక్కలంటే ఒక్కలు తలుపు కొట్టలే అన్నా."

ఆమే మళ్లీ అంది.

"ఫైలు సూసిన. ముప్పై ఒకటి ఏసిన అనుకున్న, ఇరవై నాలుగే ఉన్నది. నా చేతులిరగ, తూటాలది సూస్కుంట అదే కొట్టినట్టున్న. దూరాలొక్కటే గాదు, మొత్తం నిన్నే సూడుమంటే అయిపోవు. నీ లెక్క తప్పదు."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెబితే ఆమె హైదరాబాద్‌లోని ఆ కంపెనీకి ఫోన్ చేసి, ఇంకోసారి చూడమని అడిగేది. వాళ్లు ఒప్పుకునేవారో లేదో తెలియదు. అడగడానికి ఒక కారణం ఉండేది, దాన్ని నేను నా దగ్గరే దాచుకున్నాను. ఎందుకు? ఊళ్లో నాకున్నది ఆ ఒక్క పేరే, లెక్క తప్పనివాడని.

ఆ ఏడాదే ఆమె షాపు ఎత్తేసి, మిర్యాలగూడలో కార్డులు అచ్చువేసే దుకాణంలో చేరింది. పోతూ పోతూ, నీ దూరాలున్నయి గదా ఉంచుకొమ్మని ఆట సీడీ నాకిచ్చింది. డిపో కంప్యూటర్‌లో వేసుకుని ముప్పై ఒకటి మళ్లీ పెట్టాను. ఆడాను. తూటాలు అయిపోయాయి. ఏడుగురు వస్తున్నారు. తుపాకీ కింద పెట్టి మా వీధిలోకి పరుగెత్తి మొదటి తలుపు కొట్టాను.

"ఎవలూ? ఆగు, గొళ్లెం తీస్తున్న. జల్ది లోపటికి రా."

నా గొంతు. కొట్టింది ఎవరో తెలియకముందే రమ్మంటున్నాడు ఆ మనిషి. నన్ను ఆమె అలాంటివాడిగా చూసింది.

మొన్న మా తమ్ముడి గృహప్రవేశం కార్డులకని మిర్యాలగూడ పోయాను. అచ్చుకు ముందు తేదీ, ముహూర్తం ఒకసారి సరిచూడమని నేనంటే సుజాత నవ్వింది. "నువ్వు సూసినవ్ గదన్నా, ఇగ నేను సూసుడేంది?" చెబుదామని నోరు తెరిచాను. బస్సుకు టైమైందన్నాను.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. ఆమె చదువుతుందని కాదు. పదేళ్ల తర్వాత ఆ అంకె గొంతు దాటి కాగితం మీద పడింది, నాకు అంతవరకే. నువ్వు వేసింది ముప్పై ఒకటే చెల్లె. తీసింది నేను.