సాంబ్రాణి పట్టిన కంప్యూటర్

సాంబ్రాణి వాసన తగిలితే గరివిడిలో మా పాత కంప్యూటర్ గుర్తొస్తుంది. చనిపోయిన తాతయ్య గొంతు రికార్డు అందులో తప్ప ఇంకెక్కడా లేదు. అది పెట్టగానే కంప్యూటర్ హ్యాంగై, "ఒసే... ఒసే... ఒసే..." అంటూనే ఉండేది. తాతయ్య లోపల ఇరుక్కుపోయాడని నేను మంచం కిందకు దూరేవాణ్ణి. నాయనమ్మ మాత్రం ఎదురుగా కూర్చుని ఆయనకి ధూపం వేసేది.

చివరికి మెకానిక్ డబ్బా విప్పాడు.

"ఫేనుకి పొగ మసి పట్టేసి, ఏడెక్కి ఆగిపోతన్నాది మామ్మా. ఇంక ధూపం ఎయ్యకు," అంటూ తుడిచి, రికార్డు పెట్టాడు.

"ఒసే, మందులేసుకున్నావేటి?" అని తాతయ్య ఊరుకున్నాడు.

"ఏటి బాగుసేసినావు నాయనా," అంది నాయనమ్మ. "నిన్నటిదాకా ఎన్నిపాల్లు పిలిసేవోడు. ఇప్పుడు ఒక్కపాలే."

ఇప్పుడు నేనూ కంప్యూటర్లే బాగుచేస్తాను. డబ్బా విప్పేముందు, అందులో ఎవరి గొంతైనా ఉందా అని అడుగుతాను.