అఫ్సాకి నచ్చని చావులు

నవలల్లో ఎవరైనా పోయే ముందు వాన పడుతుందని అఫ్సా పదిహేడో ఏటికే కనిపెట్టేసింది. వాన కుదరకపోతే మబ్బయినా పడుతుంది. కరెంటు మాత్రం పోదు. మంచం పక్కన ఈగలుండవు. పోయే మనిషి చెప్పదలుచుకున్నదంతా, ఒక్క మాట మింగకుండా, చదువుకున్నవాళ్ల తెలుగులో చెప్పి, ఆ తర్వాతే తల పక్కకి వాలుస్తుంది.

తొంభై ఎనిమిదిలో ఆమె చదివినన్ని చావులు విజయవాడలో ఇంకెవరూ చదివి ఉండరు. ఇష్టపడి చదివింది కాదు. వాళ్ల నాన్న రహ్మాన్‌కి పంజా సెంటర్ వెనక సందులో చిన్న బైండింగ్ షాపుంది. ప్రెస్సుల్లో అచ్చయిన కాగితాలు రిక్షాల మీద అక్కడికొస్తాయి. ఒక్కో పెద్ద కాగితం మీద పదహారు పేజీలుంటాయి, దాన్ని ఫారం అంటారు. ఫారాలు మడిచి, వరసగా పేర్చి, కుట్టి, అట్ట అంటిస్తే పుస్తకం. ఇంటర్ రెండో ఏడు చదువుతున్న అఫ్సా కాలేజీ నుంచి వచ్చాక షాపులో చాప మీద కూచుని ఫారాలు మడిచేది. మడుస్తూ చదివేది. ప్రెస్సువాళ్లు ఏది ముందు పంపితే అదే ముందు చదవాలి కాబట్టి, ఒక్కోసారి తొమ్మిదో ఫారంలో కూతురు ఏడ్చి ఏడ్చి తేరుకున్న వారానికి, నాలుగో ఫారంలో తల్లి చచ్చిపోయేది. దానివల్ల కథకి వచ్చిన నష్టమేమీ ఆమెకి కనపడలేదు.

అంతకు ముందు ఏడాది మే నెలలో ఆమె అక్క జుబియా పోయింది. పందొమ్మిదేళ్లు. పచ్చకామెర్లు. ఎవరో చెప్పారని మొదటి వారం మైలవరం అవతల ఏదో ఊరు తీసుకెళ్లి ఆకు పసరు తాగించారు. రెండో వారం ఆస్పత్రిలో చేర్చారు. మూడో వారం మనిషి లేదు. ఆ రోజు వాన పడలేదు. రోహిణి కార్తె ఎండ రోడ్డు మీద తారుని కరిగిస్తోంది. బంధువులొచ్చేదాకా తెచ్చిపెట్టిన ఐసుగడ్డ కరిగి మెట్ల మీదికి కారితే, కింది వాటావాళ్లు అంత దుఃఖంలోనూ వచ్చి నీళ్లు కారుతున్నాయని చెప్పి వెళ్లారు. సాయంత్రం మగవాళ్లు ఖబరస్తాన్‌కి వెళ్లొచ్చాక పక్కింటి తెరేసమ్మ సాంబారన్నం పంపించింది. అఫ్సా రెండుసార్లు పెట్టించుకుని తింది. నవలల్లో పిల్లలెవరికీ అలాంటప్పుడు ఆకలి వెయ్యదు. తనకెందుకు వేసిందా అని అప్పట్లో భయపడింది. తర్వాత నవలలు చదివేకొద్దీ ఆ భయం కాస్తా కోపమైంది.

ఆమె అంత పుస్తకాల పిల్ల అనీ, అక్క పోయిందనీ తెలిసి, కాలేజీలో తెలుగు మేడం పిలిచి ఒక నవల ఇచ్చింది. తల్లి పోయిన అమ్మాయి కథ. చదివితే మనసు తేలికపడుతుందని, దుఃఖం మనిషిని పెంచుతుందని ఆవిడ చెప్పింది. అఫ్సా రెండ్రోజుల్లో తిరిగిచ్చేసి, ఈ అమ్మాయి మూడొందల పేజీల్లో ఒక్కపూటా అన్నం తినలేదండీ, ఎట్లా బతికిందని అడిగింది. మేడం మళ్లీ పుస్తకాలివ్వలేదు.

దుఃఖం మనిషిని పెంచడమన్నది అఫ్సాకి అన్నిటికన్నా ఒళ్లు మండించే మాట. నూట ఎనభయ్యో పేజీకల్లా ఆ అమ్మాయిలు ఏటి ఒడ్డున నిలబడి నీళ్ల వంక చూస్తారు. చూడగానే జీవితం అర్థమైపోతుంది. ఇంటికెళ్లి తమ్ముడితో దెబ్బలాటలు మానేసి వాడికి లెక్కలు చెప్పడం మొదలుపెడతారు. అఫ్సా కూడా ఒకసారి సిటీబస్సెక్కి బ్యారేజీ దగ్గర దిగింది. దిగువన నీళ్లెక్కడివి, అంతా ఇసుక. గాలికి ఆ ఇసుక కంట్లో పడింది. మిరపకాయ బజ్జీలు కొనుక్కుని తిని, వచ్చిన బస్సుకే తిరిగొచ్చింది. ఆ ఏడాది ఆమె పెరగలేదు సరికదా ఎకనామిక్స్ తప్పింది. ఊరికే తలుపులు విసిరికొట్టడం అలవాటైంది. ఇదంతా ఏ నవలకీ పనికొచ్చే సరుకు కాదు.

నవలల మాట అటుంచితే, ఇంట్లోనే ఒక నవల నడుస్తూండేది. దాన్ని చెప్పేది వాళ్లమ్మ బేగం బీ. పరామర్శకి ఎవరొచ్చినా, ఏడాది తర్వాత వచ్చినా సరే, కొంగు నోటికడ్డం పెట్టుకుని అదే కథ చెప్పేది. జుబియా కల్మా చదువుకుంటూ, నవ్వు మొహంతో, అమ్మా ఏడవకు, చెల్లిని బాగా చదివించు అని చెప్పి కళ్లు మూసిందని. వినేవాళ్లు అదృష్టవంతురాలమ్మా అనేవాళ్లు. కథ మొదలవగానే అఫ్సా లేచి వంటింట్లోకి పోయేది. ఆ వార్డులోకి ఒక్కరినే రానిచ్చేవాళ్లు. తల్లి కళ్లు తిరిగి పడిపోతే ఇంటికి పంపేశారు. తండ్రి మందుల చీటీ పట్టుకుని కిందికీ పైకీ తిరుగుతున్నాడు. జుబియా ఆఖరుసారి మాట్లాడినప్పుడు పక్కనున్నది అఫ్సా ఒక్కతే. ఆ తర్వాత రెండు రోజులు జుబియా కళ్లు తెరవలేదు. అక్క ఏమందని ఇంట్లో ఎవరూ అడగలేదు, అఫ్సా చెప్పలేదు.

తొంభై ఎనిమిది జులైలో ఇబ్రహీంపట్నం నుంచి తిరుపతిరావు అనే ఆయన షాపుకొచ్చాడు. థర్మల్ స్టేషన్‌లో పనిచేసి రిటైరయ్యాడట. నవల రాసి, సొంతంగా అయిదొందల కాపీలు వేయించుకుంటున్నాడు. రోజూ మధ్యాహ్నం స్కూటర్ మీద వచ్చి, స్టూలు మీద కూచుని, తన పుస్తకం కుట్టడం చూస్తూ ఉండేవాడు. పని చెడగొట్టేవాడు కాదు. టీ తెప్పించేవాడు. రహ్మాన్‌కి ఆయనంటే గౌరవం.

ఆ రోజు అఫ్సా చేతికి చివరి ఫారం వచ్చింది. అందులో పదిహేనేళ్ల అమ్మాయి మెదడువాపు జ్వరంతో పోతోంది. కిటికీలోంచి సూర్యోదయం మొహం మీద పడుతోంది. దీపం ఆరినా వెలుగు ఎక్కడికీ పోదని తండ్రికి బోధించడం మొదలుపెట్టి, అలా నాలుగు పేజీలు బోధించింది. మూడో పేజీలో అఫ్సాకి నవ్వాగలేదు. పైకే నవ్వింది.

తిరుపతిరావు ముందుకు వంగాడు. "ఏంటమ్మా, అచ్చుతప్పేమన్నా కనపడిందా?"

"అచ్చు బానే ఉందండీ. అమ్మాయే బాలేదు."

రహ్మాన్ కుట్టేది ఆపి, అఫ్సా, అని గట్టిగా పిలిచాడు. తిరుపతిరావు చెప్పనివ్వండన్నట్టు చెయ్యెత్తాడు.

"అంత జ్వరంలో నాలుగు పేజీల ఉపన్యాసం ఎట్లా ఇచ్చిందండీ? అంత ఊపిరున్నోళ్లు ఎందుకు పోతారు? ఇట్టాంటి పిల్లని మీరెక్కడన్నా చూశారా?"

ఆయన చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత, "మా అమ్మాయేనమ్మా. సాయిశ్రీ," అన్నాడు.

నవల అయితే ఈపాటికి పిల్ల కాళ్ల మీద పడి క్షమించమని ఏడవాలి. అఫ్సాకి మొహం వేడెక్కింది, క్షమాపణ మాత్రం నోట రాలేదు. కోపం ఇంకాస్త పెరిగింది. కల్పించి రాసేవాళ్లకి తెలియదు పోనీ, కళ్లారా చూసిన మనిషికి ఈ సూర్యోదయం దేనికి?

"మరి నిజంగా ఏమందండీ?" అని అడిగింది.

రహ్మాన్ తల పట్టుకున్నాడు. తిరుపతిరావు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ చాలాసేపు దాన్నే చూశాడు.

"నిమ్మసోడా అడిగిందమ్మా. డాక్టరు గారు ఏమీ పట్టొద్దన్నారు. నేనివ్వలా. 'నువ్వు మంచోడివి కాదు నాన్నా' అంది. అంతే."

"అదే రాయాల్సిందండీ."

"మా ఆవిడ చదువుతుంది కదమ్మా." ఆయన గొంతులో కోపం లేదు. "నువ్వయితే రాస్తావా?"

అఫ్సా జవాబు వెతుక్కునే లోపల రహ్మాన్ మాట్లాడాడు. చేతిలో సూది అలాగే ఉంది. "మా పెద్దమ్మాయి పోయిందండీ, పోయినేడు. అప్పుడు ఇదే ఉంది పక్కన." ఏడాదిలో ఆ షాపులో ఆయన ఆ మాట ఎత్తడం అదే మొదలు.

తిరుపతిరావు కళ్లజోడు పెట్టుకుని, మెల్లగా, "ఏమందమ్మా మీ అక్క?" అని అడిగాడు.

అందరి నవలల్లోనూ అబద్ధాలు ఏరిపారేసే అఫ్సా ఫారం మడతని గోటితో గట్టిగా నొక్కింది. తండ్రి కూడా తన వైపే చూస్తున్నాడు. చదువుకోవాలని గొణిగి, చెప్పులేసుకుని ఇంటికొచ్చేసింది.

బేగం బీ గడప దగ్గర కూచుని గోంగూర ఒలుస్తోంది. అఫ్సా ఎదురుగా నిలబడి, పలకరింపు కూడా లేకుండా, "అక్క అట్లా అనలేదమ్మా. కల్మా చదవలేదు. నన్ను చదివించమనీ చెప్పలేదు," అంది.

"తెలుసే," అంది తల్లి ఆకులోంచి తల ఎత్తకుండా. "బతికున్నప్పుడు నమాజుకి లేపడానికే నా ప్రాణం పోయేది. నువ్వు చెప్తావేమోనని చూశా. నువ్వు నోరిప్పవు. వచ్చినోళ్లు అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలిగా."

అఫ్సా కూలబడింది. తల్లి కథని ఏడాది పొడుగునా మనసులో తిట్టుకుంది గాని, తను చెప్పని మాటకి బదులుగా అల్లిన కథ అదని ఎప్పుడూ తట్టలేదు. గోంగూర కట్ట ఒకటి తీసుకుని తనూ ఒలవడం మొదలుపెట్టి, కాసేపటికి చెప్పింది.

"నా నీలం చుడీదార్ జోలికి రాకు, నీకు పట్టదు, చంకల దగ్గర చింపేస్తావ్ అంది."

బేగం బీ చేతులు ఆగాయి.

"నేనేమో, నీ చుడీదార్ ఎవడిక్కావాలి, నువ్వే కప్పుకుని పడుకో అన్నా. ఇంక మళ్లీ మాట్లాడలా."

అఫ్సా దాచుకున్నది అక్క మాట కాదు, ఈ రెండోది. పుస్తకాల్లో చెల్లెళ్లకి పోయేవాళ్లు ఏదో ఒకటి అప్పగించి పోతారు. తనకి దక్కింది ఒక గుడ్డముక్క మీద దెబ్బలాట, అందులోనూ ఆఖరి మాట తనది. ఆ నవలలన్నిటి మీదా అంత మంటకి, వాళ్లకి దొరికింది తనకి దొరకలేదన్న ఉడుకుమోతుతనం కూడా కొంత ఉందని అప్పుడే, గోంగూర కాడలు విరుస్తూ, తెలుసుకుంది. తెలుసుకున్నందుకు ఏమీ తేలికపడలేదు. సిగ్గేసింది.

బేగం బీకి ముందు నవ్వొచ్చింది. చెల్లి ఒళ్లు చూసి అది అట్టాగే అంటది, అని నవ్వింది. నవ్వు మధ్యలో ఏడుపైంది. మీరిద్దరూ పుట్టిన కాణ్ణించీ అంతేగా, అనుకుంటూ చాలాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని, గోంగూర పొయ్యి మీద పెట్టింది. రాత్రి భోజనాల దగ్గర రహ్మాన్‌కి చెప్పింది కూడా ఆవిడే. ఆయన విని, కంచంలో చెయ్యి పెట్టుకుని, ముందే పెద్దాస్పత్రికి తీసుకుపోవాల్సింది, నాదే ఆలస్యం అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి వినాలని అఫ్సా ఏడాది ఎదురుచూసింది. తీరా విన్నాక దాన్నేం చేసుకోవాలో తెలియలేదు. అవును నాన్నా, అంది. మజ్జిగ పోసింది.

మర్నాడు తెరేసమ్మ తన చెల్లెలితో వచ్చి కూచుంటే బేగం బీ మళ్లీ పాత కథే చెప్పింది. కల్మా, నవ్వు మొహం, అన్నీ ఉన్నాయి. చెల్లిని బాగా చదివించమనడంతోపాటు ఎకనామిక్స్ జాగ్రత్త అని కూడా అన్నదని కలిపింది. అఫ్సా గుడ్లురిమి చూసింది. తల్లి ఆ వైపు చూడలేదు.

తిరుపతిరావు చివరి ఫారం ఆపించాడు. మూడు వారాల తర్వాత కొత్తది అచ్చు వేయించి తెచ్చాడు. అందులో సూర్యోదయం లేదు, నిమ్మసోడా ఉంది. అయితే భార్య శివపార్వతి చదివి, చచ్చిన పిల్లని నలుగురిలో గయ్యాళిని చేశావని మూడు రోజులు మాట్లాడలేదట. ఆఖరికి ఇద్దరూ ఒప్పందానికొచ్చారు. బంధువులకి పంచే సగం కాపీలకి పాత ఫారం, మిగతా సగానికి కొత్తది. ఒకే అట్ట కింద ఒకే పిల్ల రెండు రకాలుగా పోయే పుస్తకాన్ని రహ్మాన్ తన జన్మలో కుట్టలేదు. ఏ కట్ట ఏదో కలిసిపోకుండా అఫ్సా పాతవాటికి ఎర్రదారం, కొత్తవాటికి తెల్లదారం కట్టి పెట్టింది. కొత్త ఫారం నిజానికి పాతదానికన్నా అధ్వానంగా రాశాడు. ఒక్కో వాక్యం ఎక్కడ మొదలైందో మర్చిపోయి ఎక్కడో తేలుతుంది. నిమ్మసోడా స్పెల్లింగు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. అఫ్సా ఈసారి నవ్వలేదు. ఆయన ఒక కాపీ ఇస్తానంటే తెల్లదారం కట్టలోంచి తీసుకుంది, తప్పులు మాత్రం పెన్సిలుతో దిద్దుకుంది.

దిద్దడమే తర్వాత ఆమె బతుకుతెరువైంది. సెప్టెంబరులో ఎకనామిక్స్ గట్టెక్కింది. బి.ఏ. ప్రైవేటుగా కట్టింది. రెండువేల రెండు నుంచి గాంధీనగర్‌లో ఒక డీటీపీ సెంటర్లో ప్రూఫులు దిద్దుతోంది. ఆమె చేతిలో పడితే పోయేవాళ్ల ప్రసంగాల పక్కన మార్జిన్లో చిన్న ప్రశ్నార్థకం పడుతుందని రచయితలకి తెలుసు. ఒకాయన ఓనరు దగ్గరికెళ్లి, ఆవిడకి హృదయం లేదని ఫిర్యాదు చేశాడు. ఓనరు ఆ మాట ఆమెకి చేరవేస్తే, రెండొందల పన్నెండో పేజీలో చనిపోయిన నాయనమ్మతో ఆయన మళ్లీ కాఫీ తాగించాడు, ముందు అది చూసుకోమనండి, అంది.

అంత తెలిసినదానివి నువ్వే ఒకటి రాయొచ్చుగా అని అడిగినవాళ్లున్నారు. రాసేవాళ్లకేం తక్కువండీ, అని తోసిపుచ్చేది. రెండువేల నాలుగులో ఆమెకి పెళ్లయింది. అబ్దుల్లాకి ఆటోనగర్‌లో స్పేర్‌పార్టుల కొట్టుంది. చూడ్డానికొచ్చినప్పుడు ఇద్దర్నీ కాసేపు మాట్లాడుకోమంటే, అఫ్సా ఆయన్ని ఒక్కటే అడిగింది, నవలలు చదువుతారా అని. చిన్నప్పుడోటి మొదలుపెట్టి నిద్రపోయానండీ, అన్నాడాయన భయపడుతూ. అఫ్సా లోపలికొచ్చి, సంబంధం తనకి నచ్చిందని తల్లికి చెప్పింది.