పొద్దు ఫైలు

చదువుకునే రోజుల్లో కర్నూల్లో మా మిద్దె గదిలో ఉన్న కంప్యూటర్‌కు టైము తెలిసేది కాదు. లోపల గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది మేమింకా లాగులేసుకుని తిరిగే కాలానికి వెళ్లిపోయేది. మళ్లీ తేదీ పెట్టడం మాకు పళ్లు తోముకోవడం లాంటిది. అంటే, కొన్ని రోజులు మరిచిపోయేవాళ్లం. అలాంటి మెషీను మీద మేం రాసిన ప్రోగ్రాం పనేమిటయ్యా అంటే, టైము చెప్పడం.

మేమంటే నేనూ, నందికొట్కూరు నుంచి వచ్చిన నా స్నేహితుడూ. వాళ్ల నాయనకు అక్కడ గుడ్డల అంగడి. వాడికి రంజాన్‌లో ఒక్కపొద్దు విడిచే టైము కావాలి. నాకు రాహుకాలం కావాలి. నమ్మకం ఉండి కాదు, పరీక్ష పోయినప్పుడు నెపం వేయడానికి ఒకరుండాలి కదా. రెండింటికీ ముందు పొద్దు ఎప్పుడు పొడుస్తుందో, ఎప్పుడు గుంకుతుందో తెలియాలి. ఆ లెక్క కట్టే ఫైలుకు పొద్దు అనే పేరు పెట్టాం. ఒక్కపొద్దు చెప్పే వాడి ఫైలూ, రాహుకాలం చెప్పే నా ఫైలూ దాని మీదే ఆధారపడ్డాయి.

ఏది దేని మీద ఆధారపడిందో రాసిపెట్టేదే మేక్‌ఫైలు. అది వాడు రాశాడు. మేక్ అనే కమాండు దాన్ని చూసి ప్రోగ్రాం కడుతుంది. ఆ మేక్‌ను టైపు చేసి ఎంటర్ కొట్టే బరువైన బాధ్యత నాది. చెప్పిన మాట వినదని దాన్ని నేను మేక అనేవాణ్ణి.

"అది శానా బద్దకంది, నీ మాదిరే," అని వాడు నాకు పాఠం చెప్పాడు. "పప్పు ఉడికింటే మళ్లా ఉడకబెట్టదు. కందిబ్యాళ్లు మార్చినావని తెలిస్తేనే లేస్తాది."

దానికెలా తెలుస్తుందంటే, ఫైళ్ల మీది టైము చూసి. రాసిన ఫైలు కొత్తదయితే ప్రోగ్రాం మళ్లీ కడుతుంది, పాతదయితే పడుకుంటుంది. నేను తలూపాను. తలూపడం నాకు చిన్నప్పటి నుంచీ బాగా వచ్చు.

ఆ ఏడు వాడికి బెంగళూరులో పైచదువుకు సీటొచ్చింది. నాయన మాత్రం అంగట్లో కూర్చోమన్నాడు. ఇన్నాళ్లూ ఆ డబ్బా ముందర ఏం చేసినావో చూపించు, చూసినాక చెప్తానన్నాడు. రంజాన్ నెలలో పండగ సరుకు కోసం కర్నూలు వచ్చే రోజు, సాయంత్రం మా గదికి వచ్చి ఒక్కపొద్దు అక్కడే విడుస్తానని కబురు పెట్టాడు.

ఆయన వచ్చే ముందురోజు మా ప్రోగ్రాం చెప్పిన నిమిషానికి మసీదులో అజా పిలుపు వినపడలేదు. ఎనిమిది తొమ్మిది నిమిషాల తర్వాత వచ్చింది. వెతికితే తెలిసింది, మేం లెక్క నేర్చుకున్న ఉదాహరణలో ఉన్న ఊరు మద్రాసు. అక్కడ మనకంటే ముందే పొద్దు గుంకుతుంది. మేం ఊరు మార్చడం మరిచాం. నాకది చిన్న తేడా. వాడి మొహం చూశాక అర్థమైంది, నెలంతా నిష్ఠగా ఉండే మనిషి టైముకు ముందే నోట్లో ఏదన్నా వేసుకుంటే ఆ రోజు ఒక్కపొద్దు లెక్కలోకి రాదని.

మరుసటి రోజు మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. నేను పొద్దు ఫైల్లో మద్రాసు తీసి కర్నూలు పెట్టి మేక్ కొట్టాను. అంతా తాజాగానే ఉంది, చేసేదేమీ లేదంది. ప్రోగ్రాం మాత్రం మద్రాసులోనే కాపురముంది. ఫైలు తెరిచి చూస్తే కర్నూలే ఉంది. మళ్లీ కొట్టాను. అదే జవాబు. అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు.

వాళ్ల నాయన ఖర్జూరాల పొట్లంతో వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఏమప్పా, పని అయితాండాదా అని నన్నడిగాడు. అయితాండాది మామా అన్నాను. నిజానికి అయింది నా పని.

స్నేహితుడు నన్ను పక్కకు జరిపి కూర్చున్నాడు. 'అంతా తాజా' అనే లైనుకు పైన ఒక హెచ్చరిక ఉంది. మొదటి నుంచీ ఉంది. ఈ ఫైలు మీద ఇంకా రాని తేదీ ఉంది, గడియారం చూసుకోండి అని దాని సారాంశం. నేనెప్పుడూ చివరి లైను తప్ప చదివినవాణ్ణి కాదు.

"తేదీ పెట్టినావా?" అన్నాడు మెల్లగా.

ఈసారి నేను తలూపలేదు.

ప్రోగ్రాం మీద నిన్నటి తేదీ ఉంది, కరెంటు పోయి వెనక్కెళ్లిన గడియారానికి అది ఇంకా రాని రోజు. నేను దిద్దిన పొద్దు ఫైలు మీద ఏనాటిదో తేదీ ఉంది. మేక్ లెక్కలో నా కొత్త కర్నూలు పాత మద్రాసుకంటే ముసలిది. పాపం దాని తప్పేముంది, ఇచ్చిన గడియారాన్ని నమ్మింది. వాడు తేదీ సరిచేసి, పొద్దు ఫైలును మళ్లీ సేవ్ చేసి, మేక్ కొట్టాడు. అది కదిలింది. ముందు పొద్దు కట్టింది, ఆ తర్వాత వాడిది, ఆ తర్వాత నాది. మారని మిగతా ఫైళ్ల జోలికి పోలేదు. ఎప్పుడో తలూపిన పాఠం నాకప్పుడు బుర్రకెక్కింది.

వాడు టైము చదివి వినిపించాడు. మామ ఖర్జూరం చేత్తో పట్టుకుని తన చేతిగడియారం చూస్తూ కూర్చున్నాడు. ఆ నిమిషం వచ్చింది. కింద ఆటో హారను తప్ప ఏమీ లేదు. స్నేహితుడు నేల చూస్తున్నాడు. అప్పుడు అజా మొదలైంది.

ఆయన ఖర్జూరం తిని, నీళ్లు తాగి, నాకొకటి ఇచ్చాడు. నీ రాహుకాలం గూడా దీంట్లోనే ఉండాదంట కదప్పా అన్నాడు. ఉండాది మామా, రెంటికీ ఒగటే పొద్దు అన్నాను. ఆయన కొడుకు వైపు తిరిగి అన్నాడు:

"అంగడి యాడికీ పోదులే. నువ్వు పోయి చదువుకో. బయల్దేరే దినం మాత్రం ఈయప్ప రాహుకాలం చూసుకోని పో."

ఇప్పుడు నేను కడపలో ఉంటాను. ఈ ఊరికొచ్చాక పొద్దు ఫైల్లో కర్నూలు తీసి కడప పెట్టాను. దాంతోపాటు వాడి ఫైలూ నా ఫైలూ మళ్లీ కట్టుకున్నాయి, ఆ మేక్‌ఫైల్లో ఒక్క అక్షరం మార్చకుండా. వాడు బెంగళూరులోనే స్థిరపడ్డాడు. అక్కడి టైము వాడి ఫోన్లోనే దొరుకుతుంది. అయినా రంజాన్ మొదటి రోజు ఫోను చేసి నన్నే అడుగుతాడు. నేను వాడి ఊరు పెట్టి, మేక్ కొట్టి, టైము చదువుతాను. వాడు వెంటనే నమ్మడు.

"తేదీ పెట్టినావా?" అంటాడు.